మా ఆడపడుచు కనిపెట్టని మందు

ఫిబ్రవరి 6

మహాశాస్త్రవేత్త మరదలికి,

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెడదామని కలం తీశాను. సరిగ్గా అప్పుడే మీ అన్నయ్య కారు తాళాలు నా బల్ల మీద విసిరేసి మళ్ళీ లోపలికి పరిగెత్తారు. క్షేమం సంగతి ఆయన బయటికొచ్చాక రాస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటంటావా? ఇంటికీ డ్రైవింగ్ స్కూలుకీ కలిపి ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే ఉంటుంది. నువ్వు చేశావంటే చాలు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ వినేలా స్పీకరు పెట్టి, "మా చెల్లెలు, ల్యాబు నుంచి!" అంటారు. పోయినసారి నీతో నా మోకాళ్ళ నొప్పి గురించి చెప్పుకున్నానా, మర్నాడు రివర్స్ గేరు నేర్చుకుంటున్న బ్యాంకు మేనేజరు వచ్చి మోకాళ్ళకి ఏ నూనె మంచిదో చెప్పి వెళ్ళాడు. అందుకని ఇకమీదట మనిద్దరికీ కాగితమే.

పేపర్లో నిన్ను చూశాం. "అమీబాకు మందు దొరికింది" అని ఇంతింత అక్షరాలు. కింద ఫొటోలో మీ ప్రొఫెసరు ఏదో గొట్టాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. ఆయన మోచెయ్యి వెనక సగం ముఖంతో నువ్వు. మీ అన్నయ్య ఆ ముక్కకి ప్లాస్టిక్ తొడిగించి కారు వెనకద్దానికి అంటించారు. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళకి వెనక వచ్చే లారీ కనపడదు, నువ్వు కనపడతావు.

ఇక ఆయన సంగతి. కొన్నాళ్ళుగా కడుపు బాగాలేదు. పరీక్ష చేయిస్తే అమీబా అని తేలింది. "చూశావా, చెల్లెలు మందు కనిపెట్టింది, నాకు ఆ జబ్బే వచ్చింది, ఎంత కలిసొచ్చిందో!" అన్నారు. జబ్బొచ్చిందని ఇంత సంబరపడ్డ మనిషిని నేను చూడలేదు. డాక్టరు బిళ్ళలు రాశాడు. వేసుకుంటే నాలిక మీద తుప్పుపట్టిన మేకు పెట్టినట్టుందట. పైగా ఈ మందు వాడినన్నాళ్ళూ సాయంత్రాల ఆ మందు మానాలట. రెండోదే ఆయనకి పెద్ద కష్టంగా ఉంది.

నాదొక సందేహం. ఆ వార్త చివర చిన్నక్షరాల్లో "ఔషధ లక్ష్యాన్ని గుర్తించారు" అని ఉంది. లక్ష్యం గుర్తించడమంటే కొట్టినట్టా, కొట్టబోతున్నట్టా? పైన మందు అన్నారు, కింద లక్ష్యం అన్నారు. ఆ రెండిటికీ మధ్య ఎంత దూరం?

నీ సగం ముఖాన్ని చూసి పూర్తిగా మురిసిపోయిన
వదిన

ఫిబ్రవరి 19

వదినా,

నీ ఉత్తరం మైక్రోస్కోపు ముందు కూర్చుని చదివాను. నవ్వితే స్లయిడు కదిలింది. పొద్దుటి పనంతా మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది, ఆ పాపం నీదే.

ఆ ఫొటోలో ప్రొఫెసరు ఎత్తిన గొట్టంలో ఉన్నది రంగునీళ్ళు. మా అసలు సరుక్కి రంగుండదు, కెమెరాకి ఆనదు. అందుకని విలేకరులు వచ్చినప్పుడల్లా ఆయన ఎర్రరంగు కలిపించి పెట్టుకుంటాడు.

ఇక నీ సందేహం. అమీబా అంటే ఒకే ఒక్క కణం. ఆ కణంలో వేల రకాల ప్రొటీన్లు తలో పనీ చేస్తుంటాయి. మేం ఎంచుకున్న ప్రొటీను చక్కెరని విరిచి దానికి బతకడానికి కావలసిన శక్తి తీసిస్తుంది. దానికి మేం 'వంటాయన' అని పేరు పెట్టుకున్నాం. అలాంటి పని చేసేది మన ఒంట్లోనూ ఉంది కానీ దాని ఆకారం వేరు. కాబట్టి అమీబాలో వంటాయన్ని మాత్రమే పట్టుకుని ఆపే మందు ఒకటి తయారైతే, ఆ అమీబా ఆకలితో చావాలి, మనకేమీ కాకూడదు. లక్ష్యమంటే అదీ. ఇంకా కొట్టలేదు, గురి చూశాం. కానీ మంచి గురి! ఆ మాట గర్వంగానే రాస్తున్నాను, నువ్వు ఎంత వెక్కిరించినా సరే.

అన్నయ్య వేసుకునేది పాతకాలపు బిళ్ళ. లోపలికి దూరి చేతికందినదల్లా విరగ్గొడుతుంది. మాది వచ్చిందంటే వంటాయన్ని తప్ప ఇంకెవర్నీ ముట్టుకోదు. తుప్పు రుచీ ఉండదు. కాస్త ఓపిక పట్టమను.

మోచేతి వెనక మనిషి,
నీ మరదలు

మార్చి 8

ఏమ్మా గురి తప్పని మరదలా,

నీ ఉత్తరం నేను చదివేలోపే మీ అన్నయ్య లాక్కున్నారు. రోడ్డు గుర్తులు నేర్పే గదిలో, బోర్డు ముందు నిలబడి, బెత్తంతో గాల్లో గీస్తూ మొత్తం చదివి వినిపించారు. చివరికి ఆయనకి అర్థమైంది ఒక్కటే. "పాత బిళ్ళ చేతికందినదల్లా విరగ్గొడుతుందట. ఓపిక పట్టమంది చెల్లెలు. తనది వస్తోందట." అంతే, బిళ్ళలు మానేశారు. అట్ట అలాగే కారు సొరుగులో పడేశారు. సాయంత్రాల మందు మాత్రం మళ్ళీ మొదలైంది.

గుడ్లు కూడా మానేశారు. అమీబాలో ఉన్నది ప్రొటీను, గుడ్డులో ఉన్నదీ ప్రొటీనేనట. "వంటాయనకి సరుకులు మనమెందుకు పంపాలి?" అంటున్నారు.

డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. అంతా విని ఆయన, "మీ చెల్లెలుగారి మందు బజార్లోకి వచ్చే రోజుకి మీరు ఉండాలంటే ఈ బిళ్ళలు వేసుకోవాలండీ" అన్నాడు. ఈయన లేచి వచ్చేశారు. డాక్టరుకి నీ మీద కుళ్ళట.

నువ్వే గట్టిగా చెప్పు. నా మాట ఆయనకి హారన్ లాంటిది, వినపడుతుంది కానీ పక్కకి తప్పుకోరు. నీ దగ్గరున్న కొత్త మందు ఓ నాలుగు బిళ్ళలు కొరియర్లో పంపమంటున్నారు. లేదని నేనంటే, "నీకేం తెలుసు" అంటారు. ఇన్నేళ్ళు చదివి, ఇంత పెద్ద ల్యాబులో కూర్చుని, అన్నయ్య చేతిలో పెట్టడానికి ఒక్క బిళ్ళ లేదా నీ దగ్గర?

హారన్ వదిన

మార్చి 20

వదినమ్మా,

బిళ్ళ లేదా అని దెప్పావు చూడు, అది గుచ్చుకుంది. నువ్వు ఇన్నేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు ఆఫీసులో కూర్చుంటున్నావు, నేనెప్పుడైనా నీకు స్టీరింగ్ పట్టడం వచ్చా అని అడిగానా?

అయినా నీ ఉత్తరాలు అచ్చు వేయించాలి. మా వాళ్ళందరికీ చదివి వినిపించాను, టీ గదిలో ఒకటే నవ్వు. బిళ్ళలు మానేశారనేదాకా నమ్మాను కానీ గుడ్ల దగ్గర దొరికిపోయావు. అన్నయ్య గుడ్లు మానడమేమిటి? చిన్నప్పుడు నా కంచంలోది కూడా ఎత్తుకెళ్ళేవాడు. సరే, నీ నాటకంలో నాకూ ఒక వేషం ఇవ్వు: పొట్లం కట్టేశాను, కొరియర్లో వేస్తున్నానని చెప్పు ఆయనకి.

ఇక్కడ హడావిడిగా ఉంది. మాకు డబ్బిచ్చే ట్రస్టు వాళ్ళు వచ్చే నెలలో ల్యాబు చూడటానికి వస్తున్నారు. మెట్లకి రంగు వేయిస్తున్నారు. ఈలోగా నేను అసలు పరీక్ష మొదలుపెట్టాను. అమీబాలో వంటాయన్ని పుట్టనివ్వకుండా చెయ్యడం. అతను లేకపోతే అది నిజంగా చస్తుందో లేదో అప్పుడు తేలుతుంది. చస్తుంది, చూస్తూ ఉండు.

ఇంకా కోపం పూర్తిగా తగ్గని
నీ మరదలు

ఏప్రిల్ 2

అమ్మాయ్,

ఈసారి వెక్కిరింతలు లేవు. నాటకం కాదు, ఆయన నిజంగానే మానేశారు. గుడ్లూ నిజమే.

నీ ఉత్తరం నా బల్ల మీద ఉంటే ఆయనే చదువుకున్నారు. "పొట్లం కట్టేశాను" అన్న ముక్క దగ్గర కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ముందు వెనక ఏముందో కనపడలేదు. అప్పట్నుంచి రోజూ కొరియర్ ఆఫీసు ముందే పార్కింగ్ పాఠం చెబుతున్నారు.

సాయంత్రమయ్యేసరికి జ్వరం. కుడిపక్క డొక్క కింద నొప్పి, చెయ్యి వెయ్యనివ్వరు. సీటు బెల్టు ఒరుసుకుందంటారు. కుడి భుజం లాగేస్తోంది, అది నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ గుంజడం వల్లట. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుచుకున్నారు. ఆసుపత్రికి రమ్మంటే, "పొట్లం వస్తోందిగా" అంటారు.

మీ టీ గదిలో నవ్వుకున్నది ఈ సంగతికే. వాళ్ళకీ చెప్పు.

వదిన

ఏప్రిల్ 5 (కొరియర్)

వదినా,

ఇది అందగానే, పూర్తిగా చదవకపోయినా సరే, అన్నయ్యని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. జ్వరం, డొక్క కింద నొప్పి, కుడి భుజం లాగడం, ఇవన్నీ ఒకే జబ్బు. పేగుల్లో ఉన్నవి లివర్లోకి ఎక్కి చీము పట్టించి ఉంటాయి. పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. స్కాన్ చెయ్యమని అడుగు.

నీ ఉత్తరం చూసిన వెంటనే ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. వెనక ఎవరో "సార్, కుడికా ఎడమకా?" అని అరుస్తున్నారు.

"అన్నయ్యా, నా మందు అంటూ ఏమీ లేదు" అన్నాను.

"అర్థమైందమ్మా."

"ఏమర్థమైంది?"

"నీ పక్కన ఎవరో ఉన్నారు. ల్యాబు రహస్యం. నేనెవరికీ చెప్పనుగా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే, "ఇలా మాటిమాటికీ చేస్తే నీ ఉద్యోగానికే ముప్పు" అని నాకే జాగ్రత్త చెప్పాడు.

కింద రాసేది ఆయన చేతికివ్వు. నాకు ఆదివారానికి టికెట్టు దొరికింది. నాకోసం ఆగొద్దు.

అన్నయ్యా, నేను కనిపెట్టింది మందు కాదు. మందంటూ ఒకటి తయారైతే అది తగలడానికి పనికొస్తుందేమో అనిపించిన ఒక చోటు, అంతే. అది సరైన చోటో కాదో కూడా ఇంకా తెలీదు. సరైనదే అయినా మందు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, అసలు రాకపోవచ్చు. పొట్లం లేదు. నేను వేళాకోళమాడాను. నువ్వు మానేసిన ఆ తుప్పు బిళ్ళే పనిచేసే మందు. కారెక్కు.

చెల్లి

ఏప్రిల్ 12, ఆసుపత్రి

అమ్మాయ్,

నర్సు గది ఫోన్లో "గండం గడిచింది, నువ్వు ఇప్పుడు రావొద్దు" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను కదా. నర్సు నా తలమీదే నిలబడింది మరి. వివరం ఇప్పుడు రాస్తున్నాను.

నీ కొరియర్ వచ్చేసరికి మీ అన్నయ్య అందర్నీ పిలిచారు. పాఠానికి వచ్చినవాళ్ళు, ఎదురుగా టైర్లకి పంక్చర్లు వేసే అతను, అందరూ. కారు తాళంతో కవరు చింపారు. లోపల కాగితం తప్ప ఏమీ లేదు. తిరగేసి దులిపారు కూడా. తర్వాత చదివారు. మడత పెట్టి, "ఇది దాని రాత కాదు. ఎవరో రాయించారు" అన్నారు.

మా దగ్గర నేర్చుకుంటున్న రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ ఉన్నారు. ఆవిడ ఆ కాగితం తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చదివి, "కారెక్కమంది కదా. ఎక్కండి" అన్నారు. ఎదురు చెప్పబోయిన మనిషి నిటారుగా నిలబడలేక కారు బానెట్ మీదికి ఒరిగిపోయారు. ఒళ్ళు కాలిపోతోంది.

అక్కడ అంతమందిమి ఉన్నాం, నడపడం వచ్చినవాడు ఆయనొక్కడే. పంక్చర్ల అతను ఆటో కోసం ఒక పక్కకి పరిగెత్తాడు, రావడం లేదు. నాకు స్టీరింగ్ పట్టడం రాదని నువ్వు రాశావుగా, నిజమే, రాదు. చివరికి హెడ్మిస్ట్రెస్ గారే కూర్చున్నారు. ఆవిడ నేర్చుకున్నది రెండో గేరుదాకానే. అదే గేరులో ఊరంతా దాటాం. వెనక సీట్లో నా ఒళ్ళో తలపెట్టుకుని మూలుగుతూనే మీ అన్నయ్య, "క్లచ్... క్లచ్ వదలండి... అద్దం చూడండి" అంటున్నారు.

"అద్దంలో మీ చెల్లెలే కనపడుతోందండీ!" అని అరిచారావిడ.

స్కాన్ తీశారు. లివర్లో పెద్ద గడ్డ. పక్కటెముకల మధ్య సూది పెట్టి లాగితే ముదురు ఇటుకరంగులో చిక్కగా వచ్చింది, సీసాలకి సీసాలు. ఇంకొంచెం ఆగి ఉంటే లోపలే పగిలేదన్నారు. ఆ మాట చెప్పినప్పుడు నేను వరండాలో ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. కుడికాలి చెప్పు మడమ ఒక్కటే పూర్తిగా అరిగిపోయి ఉంది, యాక్సిలరేటరు తొక్కీ తొక్కీ. దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఏడుపు కూడా రాలేదు.

సెలైన్‌లో మందు ఎక్కిస్తుంటే ఈయన కళ్ళు తెరిచి, "ఇది కొత్తదా డాక్టరుగారూ?" అని అడిగారు.

"పాతదే. మీరు సొరుగులో పడేసిందే."

"పనిచేస్తుందా?"

"ఇన్నేళ్ళుగా అదే చేస్తోందండీ, పేపర్లో పడకుండా."

నువ్వు రావొద్దన్నది ఎందుకంటే, స్పృహ వచ్చీ రాగానే వార్డంతా నీ గురించి చెప్పేశారు. ఇప్పుడొస్తే పడకకొకరు నిన్ను మందు అడుగుతారు. ఇంటికెళ్ళాక రా. నిన్ను తీరిగ్గా తిట్టాల్సింది కూడా చాలా ఉంది, ఈ బెంచీ మీద కుదరదు.

వదిన

మే 3

వదినా,

నేనొచ్చిన రెండ్రోజులూ నువ్వు నన్ను ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వంటాయన సంగతి తేలింది. అతన్ని పూర్తిగా ఆపేశాం, ఒక్కడూ పుట్టకుండా. అమీబాలు చావలేదు. ఏదో వేరే దారిలో వండుకుని తింటున్నాయి. కాస్త నెమ్మదిగా పెరుగుతున్నాయి, అంతే. నాకు నమ్మకం కలగక మళ్ళీ మొదటినుంచి చేశాను. మళ్ళీ అదే.

ప్రొఫెసరుకి చూపించాను. "నెమ్మదిగా పెరుగుతున్నాయన్న బొమ్మ ఒకటి పెట్టు. చాలా బాగుంది. మిగతాది పరిశీలనలో ఉందందాం" అన్నాడు.

"చావలేదు కదండీ?"

"చావలేదని మనమెందుకు చెప్పడం? ఎవరైనా అడిగితే చూద్దాం."

ట్రస్టు వాళ్ళొచ్చిన రోజు తెరమీద బొమ్మలు చూపించే పని నాదే. అన్నయ్య లాంటివాళ్ళు చివరి చిన్నక్షరాలు చదవరు వదినా. పై అక్షరాలు చదివి బిళ్ళలు అవతల పడేస్తారు. ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. అన్ని బొమ్మలూ పెట్టేశాను. ట్రస్టు పెద్దావిడ ఒకరు, "అంటే చావలేదా అమ్మా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. ప్రొఫెసరు గట్టిగా దగ్గి, ఇంకా వేళ కాకుండానే అందర్నీ టీకి పిలిచేశాడు. కొత్త రంగు ఇంకా ఆరలేదేమో, మెట్లు దిగిపోతుంటే ఆయన కోటు చేతికి ఆకుపచ్చ అంటుకుంది. ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాటికి నా బల్ల కింది అంతస్తులో, విద్యార్థుల ల్యాబులో, సింకు పక్కన ఉంది. మొదటి సంవత్సరం పిల్లలకి మైక్రోస్కోపు ఎలా పట్టుకోవాలో నేర్పడం ఇప్పుడు నా పరిశోధన. ఆ పేపరు విలేకరికి కూడా ఫోన్ చేశాను, దిద్దుబాటు వెయ్యమని. "మందు లేదని వేస్తే వార్తేముందండీ? నిన్నా లేదు, ఇవాళా లేదు" అన్నాడు.

సింకు పక్క నుంచి
నీ మరదలు

మే 15

సింకు పక్క మరదలికి,

తిట్లు ఇంకా నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. కానీ బొమ్మలన్నీ చూపించేశావన్న దగ్గర కొన్ని తీసేశాను.

మీ అన్నయ్య లేచి తిరుగుతున్నారు. పేగుల్లో మిగిలినవి పోవడానికి ఇంకో రకం బిళ్ళలిచ్చారు, అలారం పెట్టుకుని మరీ మింగుతున్నారు. సాయంత్రాల మందు ఊసెత్తడం లేదు. గుడ్లు మాత్రం పాత బాకీతో సహా తింటున్నారు.

నీ బల్ల సంగతి చెప్పగానే, "నా చెల్లెల్ని సింకు పక్కనా?" అని కారు తాళాలు తీశారు, మీ ప్రొఫెసరు మీదికి రివర్స్ గేరులో వెళ్తానని. హెడ్మిస్ట్రెస్ గారు తాళాలు లాక్కున్నారు. మర్నాటికల్లా కొత్త పాఠం మొదలైంది. "ఊరందరూ మందు ఉందన్నారు. లేదని తేల్చింది మా చెల్లెలొక్కతే!" అని బెత్తం ఊపుతున్నారు. ముందు ఏ గొంతుతో గొప్పలు చెప్పారో ఇప్పుడూ అదే గొంతు. మనిషి మారలేదు, గేరు మారింది. మొన్నటిదాకా చిరాకేసేది. ఇప్పుడు ఆ గొంతు వినపడకపోతే లేచి వెళ్ళి చూస్తున్నాను.

ఒక సంగతి నిన్ననే బయటపడింది, కంగారుపడకు. ఆ రోజు ఆయన లివర్లోంచి తీసినదాంట్లో ఒక చిన్న సీసాడు దాచిపెట్టించారట. వార్డులో పనిచేసే అతను ఒకప్పుడు మా దగ్గరే నేర్చుకున్నాడు, గురుభక్తి. సీసా ఇన్నాళ్ళూ కారు డిక్కీలో ఉంది. నిన్న నాకు చెప్పకుండా నీ పేరున కొరియర్ చేసొచ్చారు. "వాళ్ళ ల్యాబులోవి గారాబంగా పెంచినవి. నావి అసలైనవి. వాటిమీద పరీక్ష చేస్తే దానికి మళ్ళీ పైఅంతస్తు ఇస్తారు" అన్నారు. అలా అన్నాక ఏం తిట్టను? అయినా తిట్టాను.

గ్లౌజులు వేసుకుని తెరువు.

వదిన

మే 24

వదినా,

సీసా చేరింది. పాత తువ్వాలులో చుట్టి, మీ స్కూలు కరపత్రం అంటించి, దానిమీద అన్నయ్య దస్తూరీతో "జాగ్రత్త, ప్రాణంతో ఉన్నవి" అని ఉంది. కొరియర్ అతను దాన్ని చాచిన చేతులతో పట్టుకొచ్చాడు. మా భద్రతాధికారి నాకు క్లాసు పీకాడు, ప్రాణం ఉన్నవాటిని అలా పంపకూడదని ఒకసారి, పంపినవాళ్ళు ఎవరని ఇంకోసారి. మా అన్నయ్య అని చెప్పి ఊరుకున్నాను. చెబుతూ ఎందుకో ఆ పాత తువ్వాలు మళ్ళీ మడత పెట్టాను, తన తిట్లకి బెదిరాననుకుని పాపం కొంచెం తగ్గాడు.

గ్లౌజులు వేసుకునే తెరిచాను. సింకు పక్కనే స్లయిడు చేసి చూస్తుంటే పిల్లలు మూగారు. ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. ఇక్కడికొచ్చాక నేను చెప్పకుండా వాళ్ళు మైక్రోస్కోపు దగ్గరికి రావడం ఇదే మొదలు.

ఒక్కటీ కదలడం లేదు. మనిషి ఒంట్లోంచి బయటపడితే ఆ రూపంలో అవి ఎక్కువసేపు బతకవు. పైగా అన్నయ్య వాటిని ఎండలో డిక్కీలో వేసుకుని ఊరంతా తిప్పాడు. మా ల్యాబు ఇంత డబ్బు పోసి, ఇన్నేళ్ళు కూర్చుని చంపలేకపోయినవాటిని ఆయన పార్కింగ్ పాఠం చెబుతూ చెబుతూ చంపేశాడు.

ఈ మాట మాత్రం అన్నయ్యకి చెప్పకు. చెప్పావంటే మళ్ళీ బిళ్ళలు మానేసి, వెళ్ళి డిక్కీలో పడుకుంటాడు.

నీ మరదలు